బరువు గడి ఖాళీగా ఉంచకండి

వేదిక మీదున్న పెద్దలకు, ఈరోజు ఓపెన్ వాటర్ కార్డులు, అంటే స్కూబా డైవింగ్ మొదటి కోర్సు పూర్తిచేసినట్టు ఇచ్చే కార్డులు, అందుకున్న మీకు, మీతో వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. సముద్ర జీవుల గురించి మాట్లాడమని నిర్వాహకులు పిలిచారు. వాటి సంగతి వీలుంటే చూద్దాం. కార్డుతో పాటు మీ చేతికి ఒక లాగ్‌బుక్, అదే ప్రతి డైవు వివరాలు రాసుకునే పుస్తకం, ఇచ్చారు కదా, ముందు దాని గురించి చెప్పాలి.

చాలామంది అందులో ఏం రాస్తారు? తేదీ, ఊరు, ‘తాబేలు కనిపించింది, సూపర్’. కింద ఒక ముద్ర. లోతు, టైము మీ చేతికున్న డైవ్ కంప్యూటర్ ఎలాగూ దాచిపెడుతుంది. దానికి తెలియనివి మీరు రాయాలి. తేలిపోకుండా కిందికి దిగడానికి బెల్టుకు ఎన్ని కిలోల బరువు కట్టుకున్నారు, ఏ సూటు, ఏ సిలిండరు, చెవి ఎక్కడ పట్టేసింది, ముందు రాత్రి నిద్ర పట్టిందా లేదా.

నేను అండమాన్‌లోని హావ్‌లాక్‌లో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో పనిచేసే రోజుల్లో ఒక కుర్రాడు వచ్చాడు. మన హైదరాబాద్ అబ్బాయే. పుస్తకం ఎంత ముచ్చటగా ఉందో! చేపల బొమ్మలు, స్టిక్కర్లు, ఊరూరి ముద్రలు. ‘బరువు ఎంత వేసుకుంటావు బాబూ?’ అంటే ‘వాళ్లే ఇచ్చారండీ, గుర్తులేదు’ అన్నాడు. ఏ పేజీ తిప్పినా బరువు గడి ఖాళీ. పడవ పక్కన నీళ్లలో తేలుతూ ఒక్కో కిలో కలుపుకుంటూ పోయాం. టెన్షన్‌తో ఆయాసపడ్డాడు, దిగకముందే బోలెడు గాలి పీల్చేశాడు. అందరికంటే ముందు పైకి రావాల్సి వచ్చింది.

ఆ అబ్బాయిని నేనేమీ అనను. నా కోపమంతా నేర్పినవాళ్ల మీద. సంతకం పెట్టి పంపేస్తారు, ఏ గడి ఎందుకుందో చెప్పరు. ఒకే పెన్నుతో ఒకేసారి కూర్చుని నింపేసిన పుస్తకాలు కూడా చూశాను. అన్నీ 18 మీటర్లే, అన్నీ 45 నిమిషాలే! అది చూసి రేపు ఇంకొకరు మిమ్మల్ని లోతుకు తీసుకెళ్తే? తల్లిదండ్రులు కూడా వింటున్నారు కాబట్టి మళ్లీ అంటున్నాను, ఆ అంకెల్ని నమ్మి మీ పిల్లల్ని నీళ్లలోకి దింపుతారు.

ఆ సీజన్‌లోనే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చారు. ఆయన పేజీలో ఇలా ఉంది: ‘3 మి.మీ. సూటు, అల్యూమినియం సిలిండరు, 5 కిలోలు. చివర్లో 50 బార్ ఉండగా 5 మీటర్ల దగ్గర నిలవలేకపోయాను, పైకి లాగేసింది. ఈసారి 1 కిలో పెంచాలి. ఎడమ చెవి 3 మీటర్ల దగ్గర పట్టేసింది. కాస్త పైకి వచ్చి ముక్కు మూసి మళ్లీ ఊదితే వదిలింది.’ అది చదివి 6 కిలోలు ఇచ్చాను, చెవి కోసం నెమ్మదిగా దింపాను. మాస్టారు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

సిలిండరులో గాలి ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు. గాలి తగ్గిపోయిన 50 బార్ దగ్గర బరువు ఎందుకు చూసుకోవాలి? గాలికీ బరువుంటుంది. మామూలు 11 లీటర్ల సిలిండరు 200 బార్ నుంచి 50కి వచ్చేసరికి దాదాపు 2 కిలోలు తేలికవుతుంది. దిగేటప్పుడు సరిపోయిన బరువు, పైకి వచ్చేముందు భద్రత కోసం 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాల్సినప్పుడు చాలదు. స్విమ్మింగ్ పూల్లో సరిపోయిన బరువు కూడా సముద్రంలో చాలదు. ఉప్పునీరు ఎక్కువ తేలుస్తుంది.

గాలి లెక్క కూడా రాయండి. సగటున 10 మీటర్ల లోతులో 40 నిమిషాలున్నారు, 200 బార్‌తో దిగి 80తో పైకి వచ్చారనుకోండి. 120ని 11తో గుణిస్తే 1,320 లీటర్లు. నిమిషానికి 33. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు కాబట్టి, నీటి పైభాగం లెక్కకి అది 16.5. అదే మనిషి 18 మీటర్లకు వెళ్తే, అక్కడ ఒత్తిడి 2.8 రెట్లు కాబట్టి, నిమిషానికి 46 లీటర్లు పీలుస్తాడు. మీ అంకె మీకు తెలిస్తే, ఏ డైవుకు గాలి చాలుతుందో పడవ మీదే అంచనా వేసుకోవచ్చు.

చేపల గురించి చెప్పే టైము నేనే తినేశాను, నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు. పొద్దున ఋషికొండలో అందరూ దిగారు కదా? పుస్తకాలు తెరవండి. బరువు గడిలో అంకె వేయండి. గుర్తులేనివాళ్లు చేతులెత్తండి. మీ బెల్టుల నుంచి బరువులు ఇంకా తీయలేదు, వెనక గదిలోనే ఉన్నాయి. వెళ్లి లెక్కపెట్టి రండి. మీరు వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను.