ట్రే బయటికొస్తుంది సరే, మీ డేటా బయటికొస్తుందా?

ముందు ఈ ట్రేని చూడండి. గొళ్ళెం నొక్కాను, టక్కుమని పిడి ముందుకొచ్చింది, పట్టుకుని లాగాను, హార్డ్ డిస్క్ చేతిలో ఉంది. రెండు సెకన్ల పని. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, మూత విప్పక్కర్లేదు. హార్డ్ డిస్కులు పెట్టుకుని యూఎస్‌బీతో కంప్యూటర్‌కి తగిలించే ఇలాంటి ట్రేలున్న బాక్సు కొనేది ఇందుకే కదా? తీయడానికి, మార్చడానికి, ఒక డిస్కు తీసుకెళ్ళి ఇంకో చోట భద్రంగా దాచడానికి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ డిస్కుని ఈ బాక్సుతో ఏ సంబంధమూ లేని కంప్యూటర్‌కి తగిలిస్తే మీ ఫైళ్ళు కనిపిస్తాయా? బాక్సు వెనకున్న ఆ బుల్లి స్విచ్ రెయిడ్ 0 మీదో రెయిడ్ 5 మీదో ఉంటే కనిపించవు. రెయిడ్ అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే డిస్కులా వాడే పద్ధతి, 0, 5 అన్నవి అందులో రకాలు. ట్రే బయటికొచ్చింది, డేటా లోపలే ఉండిపోయింది. అలాంటప్పుడు ఈ పిడి ఎందుకు, ఈ గొళ్ళెం ఎందుకు?

అందుకే చెప్తున్నా. ట్రేలున్న ఎక్స్‌టర్నల్ బాక్సులో హార్డ్‌వేర్ రెయిడ్, అంటే బాక్సులోని చిప్పే చేసే రెయిడ్, పెట్టకండి. స్విచ్‌ని సింగిల్ మోడ్‌కి తిప్పండి. కొన్ని బాక్సుల మీద జేబీఓడీ అని రాసి ఉంటుంది, కొన్నిట్లో ఇండివిడ్యువల్ అని ఉంటుంది. పేరు ఏదైనా సరే, నాలుగు డిస్కులు పెడితే కంప్యూటర్‌లో నాలుగు డిస్కులు విడివిడిగా కనిపించాలి. అదొక్కటే సరైన సెటప్. ఒక జాగ్రత్త, కొన్ని కంపెనీలు జేబీఓడీ అని రాసి లోపల నాలుగిటినీ కలిపి ఒకే పెద్ద డిస్కుగా చూపిస్తాయి. కాబట్టి పేరుని నమ్మకండి, స్క్రీన్ మీద లెక్కపెట్టండి.

పోయిన వీడియోలో ఈ మాట ఒక్క వాక్యంలో అనేసి ముందుకెళ్ళిపోయాను. కింద కామెంట్లలో పెద్ద గొడవే జరిగింది. "అన్నా, రెయిడ్ 5లో ఒక డిస్కు పోయినా డేటా ఉంటుంది కదా, మీరెందుకు జనాన్ని భయపెడుతున్నారు?" అని చాలామంది అడిగారు. నిజమే, డిస్కు పోతే ఉంటుంది. మరి బాక్సు పోతే?

ఈ ప్రశ్నకి నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. బాక్సు పోదన్నట్టే మాట్లాడతారు అందరూ! లోపల ఏముందని? ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద సాటాని (హార్డ్ డిస్కు కనెక్షన్) యూఎస్‌బీగా మార్చే బ్రిడ్జ్ చిప్, ఒక ఫ్యాను, బయట ఒక పవర్ అడాప్టర్. కరెంటు ఎక్కువ తక్కువైతే ముందు దెబ్బ తగిలేది వీటికే. రెయిడ్ మోడ్‌లో మీ ఫైలుని ముక్కలు చేసి నాలుగు డిస్కులకి పంచేది ఆ చిప్పే. ముక్క ఎంత సైజు, మొదటి డిస్కు ఏది, పారిటీ, అంటే ఒక డిస్కు పోతే దాంట్లోది తిరిగి లెక్కకట్టే అదనపు సమాచారం, ఏ వరసలో తిరుగుతోంది, ఇదంతా ఆ చిప్ తయారుచేసినవాళ్ళ సొంత పద్ధతి. ఇంకో కంపెనీ చిప్‌కి అది అర్థం కావాలనేముంది?

నాకు జరిగిందే చెప్తా. నాలుగు ట్రేల బాక్సు, రెయిడ్ 5, మూడేళ్ళు చక్కగా నడిచింది. ఒక పొద్దున స్విచ్ వేస్తే లైట్ వెలిగింది, ఫ్యాను తిరిగింది, కంప్యూటర్‌లో మాత్రం ఏమీ రాలేదు. నాలుగు డిస్కుల్నీ ఒక్కొక్కటిగా తీసి పరీక్షిస్తే నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. ఒక్క బ్యాడ్ సెక్టార్, అంటే పాడైన చోటు, లేదు! అదే కంపెనీ, అదే మోడల్ బాక్సు మళ్ళీ తెప్పించాను. పైకి అచ్చం అలాగే ఉంది. లోపల చిప్ మారిపోయింది. డిస్కులు పెట్టగానే ఇవి కొత్త డిస్కులు, ఇనిషియలైజ్ చేయమంటారా, అంటే ఖాళీ డిస్కుల్లా మొదటి నుంచి సిద్ధం చేయమంటారా, అని అడిగింది. ఆ డైలాగ్ బాక్సు ముందు కూర్చున్నప్పుడు పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. కంపెనీకి రాస్తే ఫార్మాట్ చేసుకుని బ్యాకప్ నుంచి ఎక్కించుకోమని జవాబు. చివరికి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ముక్క సైజు 64 కేబీనా 128 కేబీనా, ఏ డిస్కు తర్వాత ఏది అని ఒక్కొక్కటీ పెట్టి చూసుకుంటూ పదకొండు రోజులు కూర్చుంటే దొరికింది. డిస్కులన్నీ బాగుండి కూడా పదకొండు రోజులు!

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి. తీసి పెట్టుకునే డిస్కులు ఇప్పటివి కావు. 1962లో ఐబీఎమ్ 1311 అనే డ్రైవ్ తెచ్చింది. దాంట్లోంచి డిస్కుల కట్ట మొత్తం ఊడొస్తుంది. 14 అంగుళాల పళ్ళేలు ఆరు, బరువు దాదాపు నాలుగున్నర కిలోలు, పట్టేది 20 లక్షల అక్షరాలు. ఇప్పుడు ఫోనులో తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టకపోవచ్చు. అయినా ఆ కట్టని తీసుకెళ్ళి ఇంకో 1311లో పెడితే చదివేది. మెషీన్ ఎక్కడ ఉండిపోయినా డేటా మన చేతిలో ఉండాలన్న ఆలోచనతోనే దాన్ని చేశారు. అరవై ఏళ్ళ కిందట ఉన్న ఆ సుఖాన్ని మనం ఒక ప్లాస్టిక్ స్విచ్‌తో పోగొట్టుకుంటున్నాం.

రెయిడ్ సంగతి కూడా చూడండి. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌తో ఆ పేరు జనంలోకి వచ్చింది. అందులో ఐ అంటే ఇన్‌ఎక్స్‌పెన్సివ్, అంటే చవక. చవక డిస్కుల్ని గుంపు కట్టి పెద్ద ఖరీదైన డిస్కుకి దీటుగా నిలబెట్టడం, గుంపులో ఒకటి పోయినా పని ఆగకుండా చూసుకోవడం. పని ఆగకూడదు, అదీ దాని లక్ష్యం. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ కూడా అదే క్షణంలో డిలీట్ చేస్తుంది. వైరస్ వచ్చి ఫైళ్ళకి తాళం వేస్తే అన్ని డిస్కుల మీదా తాళం పడుతుంది. మనకి కావాల్సింది పోయిన ఫైలు మళ్ళీ దొరకడం. అది వేరే కాపీతో వస్తుంది, రెయిడ్‌తో రాదు.

రెయిడ్ 1 అయితే రెండు డిస్కుల్లోనూ ఒకటే ఉంటుంది కదా, విడిగా చదవొచ్చు కదా అని అడుగుతారు. కొన్ని బాక్సుల్లో చదవొచ్చు, కొన్నిట్లో చదవలేం. చిప్ తన గుర్తుల్ని డిస్కు మొదట్లో రాస్తుందా చివర్లో రాస్తుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బాక్సు అట్ట మీద ఆ ముక్క ఎప్పుడైనా చూశారా? నేనైతే చూడలేదు. లినక్స్‌లో ఎమ్‌డీ‌అడ్మ్‌తో సాఫ్ట్‌వేర్ రెయిడ్ (బాక్సు చిప్ లేకుండా కంప్యూటరే చేసేది) కట్టుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు, వాళ్ళ డిస్కులు ఇంకో లినక్స్ మెషీన్‌కి తగిలించినా లేచి నిలబడతాయి. నా గొడవంతా బాక్సులో ఉన్న చిప్ చేసే రెయిడ్‌తోనే.

ఇక సెటప్‌కి వద్దాం. ముందు స్విచ్. చాలా బాక్సుల్లో ఊరికే తిప్పితే మోడ్ మారదు, పక్కనున్న సెట్ బటన్‌ని పిన్నుతో కాసేపు నొక్కి పట్టుకోవాలి. మోడ్ మారితే డిస్కుల్లో ఉన్నది పోతుంది, కాబట్టి ఆ సమయానికి అవసరమైన డిస్కేదీ లోపల ఉండకూడదు. స్విచ్ దగ్గర పొరపాటు చేసి నెత్తీ నోరూ కొట్టుకున్నవాళ్ళు నాకు వారానికి ఒకరైనా మెసేజ్ పెడతారు.

తర్వాత ట్రేకి డిస్కు బిగించడం. కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఈ రంధ్రాలు చూడండి. 3.5 అంగుళాల డిస్కుకి కాస్త లావు స్క్రూలు, 2.5 అంగుళాల దానికి సన్నటి ఎమ్3 స్క్రూలు. ఒకదాని స్క్రూ ఇంకోదాంట్లో బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది. ఇంకో తిరకాసు ఉంది. ఎక్కువ కెపాసిటీ ఉన్న కొత్త డిస్కుల్లో కొన్నిటికి మధ్యలో ఉండాల్సిన రంధ్రాలు ఉండవు. పాత ట్రే ఆ మధ్య రంధ్రం మీదే ఆధారపడితే డిస్కు ఒకవైపే నిలబడి వణుకుతుంది. కొనేముందు రెండిటినీ పోల్చి చూసుకోండి. నాలుగు స్క్రూలూ సగం సగం బిగించి, డిస్కు సమానంగా కూర్చుందని చూసి, అప్పుడు పూర్తిగా బిగించండి. బలమంతా పెట్టక్కర్లేదు.

బిగించగానే డిస్కు సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు ట్రే ముందు భాగంలో రాసి అంటించండి. నేను ఆ రోజు నాలుగు ట్రేలూ తీసి బల్ల మీద పరిచేశాను, ఏది ఏ గూటిదో తెలియలేదు. పదకొండు రోజుల్లో రెండు రోజులు దానికే పోయాయి.

పవర్ గురించి ఒక్క లెక్క. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ ఒకేసారి లేస్తే 8 ఆంపియర్లు, అంటే 96 వాట్లు. అడాప్టర్ మీద 12 వోల్టులు, 6.5 ఆంపియర్లు అని ఉంటే అది 78 వాట్లే. మంచి బాక్సు డిస్కుల్ని ఒకదాని తర్వాత ఒకటి లేపుతుంది. స్విచ్ వేసి చెవి దగ్గర పెట్టి వినండి, ఆ చప్పుడు విడివిడిగా తెలుస్తుంది. నాలుగూ ఒకేసారి గుయ్యిమని లేస్తూ అడాప్టర్ చిన్నదైతే, డిస్కులు మాయమై మళ్ళీ రావడం లాంటి వేషాలు అక్కడే మొదలవుతాయి. జనం దాన్ని చూసి డిస్కు పోయిందనుకుని పారేస్తారు.

స్పీడు గురించి కొట్టుకోకండి. యూఎస్‌బీ 3.0 అయితే చాలు, ఒక హార్డ్ డిస్కు దాన్ని నింపలేదు. కేబుల్ మాత్రం యూఎస్‌బీ 2.0ది పెట్టకండి, సెకనుకి 40 ఎంబీ దాటదు.

కొత్త డిస్కుని జీపీటీగా ఇనిషియలైజ్ చేయండి, ఎంబీఆర్ వద్దు (ఈ రెండూ డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పద్ధతులు), ఎంబీఆర్ మామూలుగా 2.2 టీబీ దగ్గరే ఆగిపోతుంది. ఫార్మాట్ చేసేటప్పుడు క్విక్ అన్న టిక్ తీసేయండి. అప్పుడు విండోస్ డిస్కు మొత్తం సున్నాలు రాస్తుంది, పాడైన చోట్లు ఉంటే ఇప్పుడే బయటపడతాయి. సెకనుకి 150 ఎంబీ చొప్పున 4 టీబీకి ఏడు గంటలు దాటుతుంది. రాత్రి వదిలేసి పడుకోండి.

ఇక్కడే నా అసలు పరీక్ష. సింగిల్ మోడ్ పెట్టేశాం కదా అని ధీమాగా ఉండకండి. కొన్ని బ్రిడ్జ్ చిప్‌లు ఆ 2.2 టీబీ గోడ దాటడానికి ఒక కిటుకు వాడతాయి. డిస్కు 512 బైట్ల సెక్టార్లు, అంటే డేటా రాసే గళ్ళు, అని చెప్తుంటే, చిప్ మాత్రం కంప్యూటర్‌కి 4096 బైట్లని చెప్తుంది. బాక్సులో ఉన్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది. తీసి నేరుగా సాటా కేబుల్‌కి పెట్టారా, పార్టిషన్ లెక్కలన్నీ తప్పిపోతాయి, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. అది చూసి డిస్కు పోయిందనుకుని యెస్ నొక్కినవాళ్ళు ఉన్నారు! అందుకే డేటా ఎక్కించకముందే పరీక్ష చేయాలి: ఒకట్రెండు ఫైళ్ళు పెట్టి, డిస్కు తీసి, వేరే కంప్యూటర్‌కి నేరుగా తగిలించి తెరుచుకుంటాయో లేదో చూడాలి. ఇల్లు కాలాక బావి తవ్వితే ఏం లాభం?

ఇప్పుడు నా థియరీ చెప్తా, ఒప్పుకున్నా మానినా మీ ఇష్టం. ఈ బాక్సుల అట్టల మీద రెయిడ్ అని అంత పెద్ద అక్షరాలతో ఎందుకు వేస్తారు? రెయిడ్ పెట్టుకున్న మనిషి బాక్సు పాడైతే మళ్ళీ అదే బాక్సు వెతుక్కుంటూ రావాలి. సింగిల్ మోడ్‌లో ఉన్నవాడు ఏ బాక్సుకైనా వెళ్ళిపోతాడు. నా లెక్కలో ఆ స్విచ్ మీ డేటాకి వేసిన సంకెల. మీకు వేరే కారణం తోస్తే కామెంట్‌లో రాయండి, ప్రతి ఒక్కటీ చదువుతా. కానీ రాసేముందు మీ బాక్సులోంచి ఒక ట్రే తీసి వేరే చోట తెరిచి చూసి రాయండి.

నా సెటప్ ఇది. ఒకటో ట్రేలో పని జరిగే డిస్కు. రోజూ రాత్రి దాన్ని రెండో దానికి కాపీ చేస్తా. విండోస్‌లో రోబోకాపీ, లినక్స్‌లో ఆర్‌సింక్, రెండూ ఉచితమే. మూడోది ఈ గదిలో ఉండదు, నెలకోసారి తెచ్చి కాపీ చేసి మళ్ళీ వేరే చోట పెట్టేస్తా. నాలుగో ట్రే ఖాళీ.

సరే, ఇప్పుడు మీ ముందే చేస్తున్నా. రెండో ట్రే. ముందు కంప్యూటర్‌లో ఎజెక్ట్ చెప్పాను. మిగతా డిస్కుల్లో కూడా ఏ కాపీ నడవట్లేదని చూశాను, ఎందుకంటే కొన్ని బాక్సుల్లో ఒకటి లాగితే మిగతావి కూడా ఒక్క క్షణం ఊడి మళ్ళీ తగులుకుంటాయి. లైట్ ఆరింది. అర నిమిషం ఆగుతున్నా, లోపల పళ్ళెం ఇంకా తిరుగుతూ ఉంటుంది, తిరుగుతున్న డిస్కుని చేత్తో కదపకూడదు. ఇప్పుడు గొళ్ళెం. పిడి. వచ్చేసింది. ఈ పక్కన పాత డెస్క్‌టాప్ ఉంది, ఇది ఈ బాక్సుని ఎప్పుడూ చూడలేదు. ఆఫ్ చేసే ఉంచాను. సాటా కేబుల్, పవర్ కేబుల్ పెట్టాను. ఆన్ చేశాను. స్క్రీన్ దగ్గరికి రండి. డిస్కు కనిపించింది. తెరుస్తున్నా. ఫోటోల ఫోల్డర్ ఉంది, నిన్న రాత్రి కాపీ అయిన వీడియో ఫైలు ఉంది, నొక్కితే ఆడుతోంది.