బిడ్డ కొలతకు క్యారియర్

శ్రోతలందరికీ నమస్కారం.

నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. నరసరావుపేట వైపు పల్లె నుంచి ఒక తల్లి నాలుగేళ్ల బాబుని తీసుకుని మా దగ్గరికి వచ్చేవారు. రెండు బస్సులు మారాలి. బాబుకి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికలు పట్టు తప్పే సమస్య. మెడ నిలిచింది గానీ నడక రాలేదు. కాళ్లు బిగుసుకుపోయి కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడేవి. పన్నెండు కిలోల పిల్లాణ్ణి పసిగుడ్డులా రెండు చేతుల మీద అడ్డంగా పడుకోబెట్టుకుని మోసేవారు. బస్సు ఎక్కేటప్పుడు రాడ్డు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు.

ఎవరో చెబితే ఆన్‌లైన్లో బేబీ క్యారియర్, అంటే బిడ్డని ఒంటికి కట్టుకుని మోసే పట్టీల గుడ్డ, తెప్పించుకున్నారు. చేతులైతే ఖాళీ అయ్యాయి, బాబు ఏడుపు మాత్రం ఆగలేదు. నా ఎదుటే కట్టుకోమన్నాను. కూర్చునే చోట గుడ్డ నా అరచేతికంటే కాస్త వెడల్పు, అంతే. తొడల కింద ఆసరా లేక కాళ్లు వేలాడుతున్నాయి. వేలాడిన కొద్దీ బిగుసుకుంటున్నాయి, వీపు విల్లులా వెనక్కి వంగుతోంది. తప్పు బాబుది కాదు, ఆ గుడ్డది.

మన ఇళ్లలో పిల్లల్ని చంకనెత్తుకునే తీరు ఒకసారి గుర్తు చేసుకోండి. నడుముకి ఇటో కాలు, అటో కాలు. మోకాళ్లు పిరుదుల కంటే కొంచెం పైకి. బిగుసుకునే కాళ్లకి ఇది చాలా మంచి భంగిమ. కాళ్లు కత్తెర పడవు, తొడ ఎముక తల తుంటి గిన్నెలో కుదురుగా ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి తుంటి కీలు మెల్లమెల్లగా పక్కకు జరుగుతుంది. ఎత్తుకునే తీరు ఒక్కటే దాన్ని ఆపేస్తుందని చెప్పను. డాక్టరు చెప్పినప్పుడల్లా ఎక్స్‌రే తీయించాల్సిందే. కానీ రోజుకి గంటల తరబడి మోసే బిడ్డని ఎలా మోస్తున్నామన్నది చిన్న విషయం కాదు. జబ్బు పేరు వినగానే భయపడి చంకనెత్తుకోవడమే మానేసిన తల్లుల్ని ఎంతోమందిని చూశాను. నాకు బాధ కలిగించేది అదే.

ఆ క్యారియర్‌ని ఆవిడ వాళ్ల ఊళ్లో జాకెట్లు కుట్టే టైలరు దగ్గరికి తీసుకెళ్లాం. బాబుని కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోబెట్టి, ఒక మోకాలి వెనక నుంచి రెండో మోకాలి వెనక దాకా టేపుతో కొలిచాం. పదహారు అంగుళాలు. మందపాటి జీన్సు గుడ్డ రెండు పొరలు, మధ్యలో పల్చటి ఫోమ్ పెట్టి, దిండు గలీబులా సీటుకి తొడిగేలా కుట్టారాయన. నడుము బెల్టుకి కట్టుకోవడానికి నవ్వారు ముక్కలు. కంపెనీ పట్టీల జోలికి, బకిళ్ల జోలికి వెళ్లలేదు. బరువు ఆగేది వాటి మీదే కాబట్టి అక్కడ కుట్లు విప్పకూడదు, కొత్తగా సూది దింపకూడదు. ఎన్ని కిలోల వరకు మోస్తుందో లేబుల్ మీద ఉంటుంది, అది దాటకూడదు. బాబుకంటే ముందు అంతే బరువున్న బియ్యం మూటని అందులో వేసుకుని, ఆ తల్లి ఇల్లంతా తిరిగారు. మెట్లెక్కారు, వంగారు, కూర్చున్నారు. ఎక్కడా కుట్టు జారలేదని చూసుకున్నాకే బాబుని ఎక్కించాం.

ఇది విని అందరూ సీటు వెడల్పు చేయించకండి. కొంతమంది పిల్లలు మెత్తగా, వదులుగా ఉంటారు. వాళ్ల కాళ్లు వాటంతటవే కప్ప కాళ్లలా పక్కలకి పడిపోతాయి. వాళ్లకి తొడల బయటివైపు చుట్టిన టవలు పెట్టి కాళ్లని లోపలికి తేవాలి. మెడ నిలవని బిడ్డ అయితే తల వెనకా పక్కలా ఆసరా కావాలి. గడ్డం గుండెల మీదికి వాలకూడదు, గడ్డం కింద రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉండాలి. ముక్కూ నోరూ ఎప్పుడూ మీ కంటికి కనబడాలి. వెన్నెముక లోపంతో కాళ్లలో స్పర్శ లేని పిల్లలకి నొప్పి తెలియదు కాబట్టి వాళ్లు ఏడవరు. దించిన ప్రతిసారీ తొడల లోపల, మోకాళ్ల వెనక చూడండి. ఎర్రటి గుర్తు అరగంటకీ పోకపోతే అక్కడ ఒత్తుతోందని అర్థం.

అందుకే కత్తెర పట్టే ముందు బిడ్డని ఫిజియోథెరపిస్టుకి చూపించండి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, జిల్లా స్థాయిలో పిల్లల లోపాల్ని ముందుగా గుర్తించి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రం డీఈఐసీ ఉంది. వికలాంగులకి పరికరాలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో క్యాంపుల్లో ఇచ్చే సీపీ చెయిర్, అంటే సెరిబ్రల్ పాల్సీ పిల్లల్ని ఆసరాగా కూర్చోబెట్టే కుర్చీ, కూడా తీసుకోండి. ఇంట్లో అన్నం పెట్టడానికి, ఆడించడానికి బాగా పనికొస్తుంది. కానీ బస్సు ప్రయాణానికి క్యారియర్ కావాల్సిందే.

ఆరు నెలల తర్వాత ఆ తల్లి మళ్లీ వచ్చారు. బాబు ఆవిడ నడుము పక్కన కుదురుగా కూర్చుని, గది గుమ్మంలోకి వస్తూనే తల తిప్పి ఫ్యాను వైపు చూస్తున్నాడు. టేపు పెడితే ఒకటిన్నర అంగుళం పెరిగాడు. మళ్లీ కుట్టించాలేమో అన్నాను. ఆవిడ గలీబు తీసి తిరగేసి చూపించారు. పెరిగే పిల్లల గౌనుకి వదిలినట్టే రెండు అంచుల్లోనూ టైలరు లోపలికి మడత వదిలి కుట్టారు. అక్కడే కూర్చుని, బ్లేడుతో ఒక్కో కుట్టూ విప్పుకున్నారావిడ.