మజిల్ కార్ల (పెద్ద ఇంజిన్ బిగించిన అమెరికా కార్ల) హార్స్‌పవర్ అంకెల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

[తెర మీద: 1967 షెవర్లే కార్వెట్]

ఈ కారుకి ఎల్71 ఇంజిన్ తీసుకుంటే 435 హార్స్‌పవర్. ఎల్88 తీసుకుంటే 430. కంపెనీ కాగితాల్లో ఉన్న మాట ఇది. మామూలుగా కొనేవాళ్లు దేనివైపు చూస్తారు? 435 వైపే. కంపెనీకి కావలసిందీ అదే! ఎల్88 రేసుల కోసం కట్టిన ఇంజిన్, దాని అసలు బలం 500 పైమాటే. ఊళ్లో తిప్పుకునేవాళ్లు దాని జోలికి రాకూడదని తగ్గించి రాశారు.

[1964 పాంటియాక్ జీటీవో]

హార్స్‌పవర్ పోటీ రాజుకుంది ఇక్కడ. మధ్య సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాల సైజు దాటిన ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్ రూలు. ఆ కంపెనీ బ్రాండే అయిన పాంటియాక్‌లో చీఫ్ ఇంజినీర్ జాన్ డెలోరియన్ బృందం దానికో సందు వెతికింది. కొత్త మోడల్ అనకుండా, ఉన్న టెంపెస్ట్ కారుకే 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ని జీటీవో పేరుతో ఆప్షన్‌గా ఇచ్చేసింది. 5 వేల కార్లు అమ్ముడుపోతాయేమో అనుకుంటే ఆ ఏడాదే అమ్మకాలు 32 వేలు దాటాయి. ఇక మిగతావాళ్లు ఊరుకుంటారా? 1966లో క్రైస్లర్ 426 క్యూబిక్ అంగుళాల హెమీ ఇంజిన్‌ని రోడ్డు కార్లలోకి దింపింది: 425 హార్స్‌పవర్. 1970లో షెవర్లే షెవెల్‌లో 454 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ పెట్టి 450 హార్స్‌పవర్ అంది.

[డ్రాగ్ రేసు దృశ్యాలు]

మరి కొన్ని ఇంజిన్లకి తగ్గించి చెప్పడం దేనికి? ఒకటి, ఇన్సూరెన్స్ టెన్షన్: హార్స్‌పవర్ ఎక్కువైతే ప్రీమియమూ ఎక్కువే. రెండోది ఇంకా సరదా అయినది. డ్రాగ్ రేసుల్లో (తిన్నటి ట్రాక్ మీద కొద్ది దూరం పెట్టే పోటీల్లో) బరువుకీ కంపెనీ చెప్పిన హార్స్‌పవర్‌కీ ఉన్న నిష్పత్తిని బట్టి కారు ఏ తరగతిలో దిగాలో తేల్చేవారు. తక్కువ రాస్తే ఎదురొచ్చేవాళ్లూ నెమ్మదివాళ్లే. ఫోర్డ్ తన 428 కోబ్రా జెట్ ఇంజిన్‌కి 335 అని రాసుకుంది, ఎంత వినయమో!

పెంచి చెప్పడానికి మోసం కూడా అక్కర్లేదు, కొలిచే పద్ధతే చాలు. ఎయిర్ ఫిల్టర్, ఆల్టర్నేటర్, కారుకి ఉండే సైలెన్సర్ ఏవీ లేకుండా ఇంజిన్‌ని స్టాండ్ మీద పెట్టి నడిపేవారు. కాడికి కట్టకుండా ఎద్దు బలం చూసినట్టు. దీన్ని గ్రాస్ అంటారు. అవన్నీ బిగించి కొలిస్తే నెట్. 1971లో అదే హెమీ గ్రాస్‌లో 425, నెట్‌లో 350.

[కార్వెట్ ఎల్‌టీ-1 అంకెలు: 370, 330, 255]

1972 నుంచి నెట్ అంకెలే వేయడంతో కార్లన్నీ రాత్రికి రాత్రి నీరసించినట్టు కనిపించాయి. కార్వెట్‌లోని ఎల్‌టీ-1 ఇంజిన్‌నే చూడండి. గ్రాస్‌లో 1970లో 370, 1971లో 330. ఈ తగ్గుదల నిజమే: సీసం లేని పెట్రోల్ కోసం కంప్రెషన్‌ని (సిలిండర్‌లో పెట్రోల్-గాలి మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతారన్న నిష్పత్తిని) 11 నుంచి 9కి దించారు. 1972లో నెట్‌లో 255. కానీ 1971 ఇంజిన్‌కే నెట్‌లో 275 వచ్చింది. అంటే ఆ ఏడాది ఇంజిన్ పోగొట్టుకున్నది 20, మిగతా 55 కాగితం మీద పోయినవే.