దుబాసీలను కాపాడాల్సింది ఎవరు?

సమన్వయకర్త: 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల వశమైంది. అమెరికా సేనల దగ్గర పనిచేసిన ఆఫ్ఘన్ దుబాసీలను తప్పించే పనిని అమెరికా మాజీ సైనికులు భుజాన వేసుకున్నారు. వాళ్లలో ఒకడైన మాట్ జెల్లర్ ఈ పోరాటం అంతకుముందే మొదలుపెట్టాడు కదా?

మాజీ కర్నల్: దాని మూలం 2008లో ఉంది. గజ్నీ ప్రాంతంలో వెనుక నుంచి వస్తున్న ఇద్దరు తాలిబాన్లను కాల్చి జెల్లర్ ప్రాణం నిలబెట్టినవాడు ఆయన దుబాసీ జానిస్ షిన్వారీ. అలాంటి మనిషికి అమెరికా వీసా 2013లో గాని రాలేదు. వచ్చిన కొద్ది రోజులకే రద్దు చేశారు! జెల్లర్ మళ్లీ తిరగబడి సాధించాడు. తర్వాత ఇద్దరూ కలిసి ‘నో వన్ లెఫ్ట్ బిహైండ్’ సంస్థ పెట్టారు.

సమన్వయకర్త: అంత ఆలస్యం ఎందుకు?

న్యాయవాది: కాగితాలండీ. యజమాని ఇచ్చే ధ్రువీకరణ, పైఅధికారి సిఫారసు లేఖ, రాయబార కార్యాలయ ఆమోదం, ఇంటర్వ్యూ, వైద్యపరీక్ష, భద్రతా తనిఖీ. చట్టం తొమ్మిది నెలల్లో తేల్చమంటుంది, ఏళ్లు గడిచేవి. దుబాసీలలో చాలామంది కాంట్రాక్టు కంపెనీల ఉద్యోగులు. కంపెనీ మూతపడితే ధ్రువీకరణ ఎవరిస్తారు? పైగా ఆ లేఖ ఇంట్లో దొరికితే తాలిబాన్లకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పాత్రికేయుడు: అయినా ఆ ఆగస్టులో 1,20,000 మందికి పైగా విమానాల్లో బయటపడ్డారు. దాన్ని చిన్నదిగా చూడకూడదు.

మాజీ కర్నల్: చూడటం లేదు. కానీ కాబూల్ విమానాశ్రయం అబ్బే గేటు దాకా చేరేదెలా? విశ్రాంత సైనికుడు స్కాట్ మాన్ బృందం అమెరికాలో కూర్చుని ఫోన్లలో దారి చెప్పింది. మురుగు కాలువలో నడిచి వచ్చినవాళ్లు ఫోనులో పసుపు అనాసపండు బొమ్మ చూపిస్తే సైనికులు లోపలికి లాగేవారు. అందరూ దాన్ని వీరగాథ అంటారు. నాకు ఒళ్లు మండుతుంది! ఒక మహాసైన్యం తన మనుషులను పండు బొమ్మ చూసి గుర్తుపట్టాల్సి వచ్చింది. 26న అదే అబ్బే గేటు దగ్గర ఆత్మాహుతి దాడిలో 13 మంది అమెరికా సైనికులు, దాదాపు 170 మంది ఆఫ్ఘన్లు పోయారు.

పాత్రికేయుడు: ముందే తరలిస్తే కాబూల్ ప్రభుత్వం ధైర్యం చెడుతుందన్న భయం ఉండేది.

మాజీ కర్నల్: ఉండేది. అయినా 1975లో వియత్నాం శరణార్థులను పసిఫిక్‌లోని అమెరికా దీవి గువామ్‌లో ఉంచి, తనిఖీలు అక్కడే చేశారు. సేనల ఉపసంహరణ ప్రకటించాక జెల్లర్ వాళ్లు అడిగిందీ అదే. జులై చివరికి గాని ఆఫ్ఘన్లతో మొదటి విమానం అమెరికాలోని వర్జీనియాకు రాలేదు.

సమన్వయకర్త: ఇప్పుడు మిగిలినవాళ్ల సంగతి?

న్యాయవాది: 2025 జనవరిలో అమెరికా తన శరణార్థుల కార్యక్రమాన్ని నిలిపేసింది. ప్రయాణం ఖరారైన ఆఫ్ఘన్ల టిక్కెట్లు కూడా రద్దయ్యాయి.

మాజీ కర్నల్: వాళ్ల ఫోన్లు ఇప్పటికీ మాజీ సైనికులకే వస్తున్నాయి.