వంతెన రేటుకే వంతెన పుస్తకం! | వేల్స్‌లో మా శనివారం

హాయ్ అండీ అందరికీ! ముందే చెప్పేస్తున్నా, ఇవాళ సరుకుల వీడియో కాదు. మా అత్తయ్యగారు రెండు వారాల నుంచి "ఆ టెస్కో ఒకసారి పూర్తిగా తిప్పి చూపించమ్మా" అంటున్నారు, అది వచ్చే వారం. ఇది మా నాన్నగారి ఆర్డరు. ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. మేముండే పాంటిప్రీథ్‌లో (ఇక్కడోళ్ళు పాంటీ అంటారు) పాత రాతి వంతెన ఒకటి ఉందని ఎప్పుడో ఒక షార్ట్ పెట్టాను. అంతే, అప్పట్నుంచి రోజూ ఫోన్లో అదే పాట. "ఆ కన్నాల వంతెన సంగతేంటే?"

అందుకని హే ఆన్ వై బయల్దేరాం. ఊరు ఊరంతా పాత పుస్తకాలే. రిచర్డ్ బూత్ అని షాపులాయన 1977 ఏప్రిల్ 1న ఈ ఊరికి నేనే రాజునని ప్రకటించేసుకున్నాడంట! దారిలో ఊరొచ్చినప్పుడల్లా స్పీడు 20 మైళ్ళు, అంటే 32 కిలోమీటర్లు. ఆ స్పీడులో వెళ్తే మన రాజమండ్రి ఆటోవాళ్ళు వెనక నుంచి తిడతారు. కొండల మీద గొర్రెలు మాత్రం భలే ఉన్నాయండి, చూడండి... సరే, గొర్రెలకి వేరే వీడియో చేస్తాను.

షాపులో పెద్దాయన అద్దాల బీరువా తీసి ఒక లావుపాటి పుస్తకం బయట పెట్టారు. బెంజమిన్ హీత్ మాల్కిన్ అనే ఆయన 1803లో దక్షిణ వేల్స్ అంతా తిరిగి, 1804లో వేసిన పుస్తకం. అందులో మా వంతెన కథ, కట్టినాయన కథ ఉన్నాయి. తెల్ల గ్లౌజులు ఇస్తారేమో అనుకుని చేతులు చాపాను. ఆయన నవ్వి సింకు చూపించారు. కడుక్కుని, బాగా తుడుచుకుని రమ్మన్నారు. గ్లౌజులతో అయితే వేళ్ళకి కాగితం తెలియక చిరుగుతుందంట. తర్వాత పసిపిల్లకి వేసినట్టు కింద రెండు దిళ్ళు వేసి మరీ తెరిచారు. 220 ఏళ్ళ కాగితం ఫెళఫెళలాడుతోందండి! గుడ్డపీలికలతో చేసిన కాగితమంట. నా ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం ఇప్పటికే అప్పడంలా విరుగుతోంది.

లోపలి అట్ట మీద పెన్సిల్‌తో చిన్నగా రేటు. 420 పౌన్లు. 115తో కొట్టండి... 48,300! పాత పుస్తకమండీ! ఆబిడ్స్‌లో ఆదివారం అయితే పాతదనే కదా సగానికి అడుగుతాం. మా ఆయన అక్కడికక్కడే నా చెయ్యి గిల్లారు.

కొనలేదు లెండి. అడిగితే రెండు పేజీలు ఫొటో తీసుకోనిచ్చారు. నాన్నగారికి పంపాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, వెంటనే ఫోన్.

కథేంటంటే, విలియం ఎడ్వర్డ్స్ గారు పాస్టరు, మళ్ళీ తాపీ మేస్త్రీ కూడా. టాఫ్ నది మీద వంతెనకి 500 పౌన్లకి ఒప్పుకుని, ఏడేళ్ళ గ్యారంటీ కూడా ఇచ్చారు. 1746లో మామూలుగా స్తంభాలేసి కట్టారు. రెండేళ్ళు దాటాయో లేదో, వరదకి చెట్లూ దుంగలూ కొట్టుకొచ్చి స్తంభాలకి అడ్డం పడ్డాయి. నీళ్ళు ఎగదన్ని మొత్తం తోసుకుపోయాయి. గ్యారంటీ ఉందిగా, మళ్ళీ కట్టాలి. ఈసారి నదిలో స్తంభమే వద్దని 140 అడుగులు ఒకే కమాను. అదీ పోయింది. దానికి వరద అక్కర్లేకపోయింది, సొంత బరువే చాలింది!

అదెలాగని నేనడిగితే నాన్నగారి గొంతులో హుషారు చూడాలి. "కమానుకి రెండు భుజాల మీదా రాయీ మట్టీ బరువెక్కువైతే నడుం పైకి లేచిపోద్దమ్మా. ఆ భుజాలు తేలిక చేయాలి." అందుకే ఆ కన్నాలు! ఒక్కో వైపు మూడు గుండ్రటి కన్నాలు, 9 అడుగులు, 6, 3. 1756లో నిలబడింది, ఇప్పటికీ ఉంది.

"ఉండు, ఆ పుస్తకం ఎంతన్నావు? 420 ఆ? వంతెన మొత్తం 500కి కట్టాడే!" అని ఒకటే నవ్వు. అప్పటి పౌను వేరు నాన్నా అన్నా వినరే.

ఇవాళ ఆదివారం, వంతెన మీదే ఉన్నాను. నడుం దగ్గర ఎంత ఏటవాలో చూశారా? వెనకటికి బండ్లు దిగేటప్పుడు చక్రాలు జారిపోకుండా గొలుసులు కట్టేవారంట. ఇంకో బాధ, 1857లో సరిగ్గా పక్కనే ఇంకో వంతెన అంటించేశారు. ఎటు నుంచి తీసినా ఫ్రేములోకి అదే వస్తోంది!

నాన్నగారు వీడియో కాల్‌లో ఉన్నారు. మోకాళ్ళ నొప్పులు, అంత దూరం రాలేరు, వచ్చినా ఈ ఎత్తు ఎక్కలేరు. "నువ్వు మాట్లాడకు, ఫోను అటు తిప్పి పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. అయిదు నిమిషాలు ఆయనా ఏమీ అనలేదు. చలికి నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, అయినా కట్ చేయబుద్ధి కాలేదు.

చివరికి అడిగారండీ. "ఆ 500లో సెంట్రింగ్ కలప ఖర్చు కలిసే ఉందా, విడిగానా? పుస్తకంలో చూడు."

అంటే వచ్చే శనివారం మళ్ళీ హే. అత్తయ్యగారూ, టెస్కో ఇంకో వారం ఆగాలండీ.