జిమ్ స్టైన్స్ తొలి రోజులు: డబ్లిన్ కుర్రాడు, మెల్‌బోర్న్ ఆట

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ అనగానే మనకి బాక్సింగ్ డే టెస్ట్ గుర్తొస్తుంది. ఆ ఊరివాళ్లకి మాత్రం చలికాలం వస్తే అది ఫుట్‌బాల్ గ్రౌండే. ఫుట్‌బాల్ అంటే మనకి తెలిసిన ఆట కాదు. అక్కడ ఉంటున్న మన తెలుగువాళ్లు "ఫూటీ" అంటుంటారు చూడండి, అది, ఆస్ట్రేలియా వాళ్ల సొంత ఫుట్‌బాల్. ఈరోజు ఆ ఆటలో ఒక మనిషి గురించి మాట్లాడదాం. పేరు జిమ్ స్టైన్స్.

ఇతని గురించి ఎవరు చెప్పినా 1987లో జరిగిన ఒక్క పొరపాటు దగ్గరే మొదలుపెడతారు. ఆ కొన్ని సెకన్ల క్లిప్పే తిప్పి తిప్పి వేస్తారు. దాని వెనకున్న మూడేళ్లు తెలియకుండా ఆ క్లిప్ చూస్తే ఏమీ అర్థం కాదు. అందుకే నేను 1984 నుంచి వస్తాను.

స్టైన్స్ పుట్టింది 1966లో, ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో. ఆడింది గేలిక్ ఫుట్‌బాల్. గుండ్రటి బంతి, జట్టుకి 15 మంది. 1984లో డబ్లిన్ కుర్రాళ్ల జట్టు ఆల్ ఐర్లండ్ మైనర్ టైటిల్ గెలిస్తే అందులో ఇతనూ ఉన్నాడు. ఆ ఆట అక్కడ ప్రాణం, కానీ జీతం రాదు. ఎంత పెద్ద ఆటగాడైనా వేరే ఉద్యోగం చూసుకోవాల్సిందే.

అదే సమయంలో మెల్‌బోర్న్ క్లబ్ పరిస్థితి ఏం బాలేదు. 1964లో ఛాంపియన్ అయ్యాక మళ్లీ ఫైనల్స్ దశకే, అంటే సీజన్ చివర్లో మేటి జట్లు మాత్రమే ఆడే మ్యాచ్‌లకే, చేరలేదు. అప్పటి కోచ్ రాన్ బరాసీ, ఆ క్లబ్‌కి ఆటగాడిగా ఎన్నో టైటిళ్లు తెచ్చిన పెద్దమనిషి. ఐర్లండ్ కుర్రాళ్లు పొడుగ్గా ఉంటారు, ఎగిరి బంతి పడతారు, అలుపు లేకుండా పరిగెడతారు, వాళ్లకి మన ఆట నేర్పితే పోలా అన్నది ఆలోచన. స్కాట్లండ్‌లో పుట్టి ఐర్లండ్‌లో పెరిగిన షాన్ వైట్ అప్పటికే అలా వచ్చి ఉన్నాడు. ఐర్లండ్ పేపర్లో ప్రకటన వేశారు: రండి, ఆట నేర్పిస్తాం, కాలేజీ చదువు ఖర్చు మేం చూసుకుంటాం. 18 ఏళ్ల స్టైన్స్ ఆ ఏడాది చివర్లోనే విమానం ఎక్కేశాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. బంతి కోలగా ఉంటుంది, కోడిగుడ్డు లాగా. నేలకి కొడితే ఎటు లేస్తుందో దానికే తెలియాలి. ఆ బంతి పట్టుకుని పరిగెత్తేటప్పుడు 15 మీటర్లు దాటకముందే దాన్ని నేలకి తాకించాలి. తన్నేటప్పుడు చేతిలోంచి కాస్త వంకరగా జారినా కాలికి సరిగ్గా తగలదు. అక్కడి పిల్లలు నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆ బంతితోనే ఆడుకుంటారు. ఇతను 18 ఏళ్లకి మొదలుపెట్టాడు! అదీ ఇల్లు, అమ్మానాన్న ప్రపంచానికి అవతలి వైపున ఉండగా.

1985లో అండర్ 19 జట్టులో ఆడించారు. తర్వాత ఏడాది ప్రారాన్ అనే చిన్న క్లబ్‌కి పంపారు, కింది స్థాయి పోటీల్లో ఆడమని. పైస్థాయి ఆశతో వచ్చినవాడికి ఇది మనసు విరిగే సంగతే. నాకైతే ఇతని కెరీర్‌లో అన్నిటికంటే ఎక్కువ గౌరవం కలిగేది ఆ ప్రారాన్ రోజుల మీదే. కెమెరాలు లేవు, జనం లేరు, గ్యారంటీ అసలే లేదు.

1987లో జీలాంగ్ మీద మ్యాచ్‌తో మెల్‌బోర్న్ సీనియర్ జట్టులోకి వచ్చాడు. ఇతనిది రక్‌మన్ పని. అంటే అప్పట్లో అంపైర్ బంతిని నేలకి కొట్టి పైకి లేపగానే రెండు జట్ల నుంచీ ఇద్దరు పొడుగువాళ్లు ఎగిరి, తమవాళ్ల వైపు దాన్ని చేత్తో మళ్లించేవాళ్లు. స్టైన్స్ ఎత్తు 199 సెంటీమీటర్లు. మామూలుగా రక్‌మన్లు బరువుగా, నెమ్మదిగా ఉంటారు. ఇతనేమో ఎగరడం అయిపోగానే మిగతావాళ్లతో పాటు గ్రౌండ్ అంతా తిరిగేవాడు.

ఆ ఏడాదే మెల్‌బోర్న్ ఫైనల్స్‌కి చేరింది. 23 ఏళ్ల తర్వాత! ముందు నార్త్ మెల్‌బోర్న్‌ని 118 పాయింట్ల తేడాతో చిత్తు చేశారు, తర్వాత సిడ్నీని. కెప్టెన్ రాబీ ఫ్లవర్ 1973 నుంచి ఈ జట్టుకే ఆడుతున్నాడు. ఆ ఏడాదికి ముందు ఒక్క ఫైనల్స్ మ్యాచ్ కూడా ఎరగడు. అతనికి అదే చివరి సీజన్.

సెప్టెంబర్ 19, వేవర్లీ మైదానం. ప్రిలిమినరీ ఫైనల్, అంటే సెమీఫైనల్ లాంటిది. ప్రత్యర్థి హాథార్న్. మిగిలింది సెకన్లు. మెల్‌బోర్న్ నాలుగు పాయింట్ల ముందుంది. హాథార్న్ ఆటగాడు గ్యారీ బకనారాకి ఫ్రీ కిక్ వచ్చింది, కానీ గోల్ చాలా దూరం. అంత దూరం నుంచి తన్నడం కష్టమే.

ఫ్రీ కిక్ వస్తే ఏం జరుగుతుందంటే, అవతలి జట్టువాడు ఒకడు ఆ చోట ఎదురుగా నిలబడతాడు. ఆ చోటుని మార్క్ అంటారు. తన్నేవాడికీ అతనికీ మధ్య ఖాళీలోంచి ఇంకెవరూ పోకూడదు. స్టైన్స్ తాను కాపలా కాయాల్సిన ఆటగాడి కోసం పరిగెత్తుతూ సరిగ్గా ఆ ఖాళీలోంచే దూరిపోయాడు. అక్కడ పెరిగిన కుర్రాడైతే కాలు దానంతటదే ఆగేది. ఇతనికి ఆ అలవాటు ఒంట్లో దిగడానికి మూడేళ్లు సరిపోలేదు. ఈ మాట ఎవరూ చెప్పరు.

అంపైర్ 15 మీటర్ల పెనాల్టీ ఇచ్చాడు. బకనారా ముందుకొచ్చాడు. తన్నేలోపే ఆట ముగిసిందన్న సైరన్ మోగింది. అయినా ఆ కిక్ చెల్లుతుంది. తన్నాడు, గోల్. ఆరు పాయింట్లు. హాథార్న్ 80, మెల్‌బోర్న్ 78. రాబీ ఫ్లవర్ 272 మ్యాచ్‌ల ప్రయాణం గ్రాండ్ ఫైనల్ చూడకుండానే ముగిసిపోయింది. బరాసీ తర్వాత వచ్చిన కోచ్ జాన్ నార్తీ స్టైన్స్ మీద విరుచుకుపడటం కెమెరాకి చిక్కింది. 21 ఏళ్ల కుర్రాడు, తొలి సీజన్, చుట్టూ తనవాళ్లంటూ ఎవరూ లేరు. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు గుండె బరువెక్కుతుంది.

డబ్లిన్‌కి టికెట్ కొనుక్కుని వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. వెళ్లలేదు. క్లబ్ కూడా వదిలించుకోలేదు, ఆ మాటా చెప్పాలి, ఎందుకంటే నార్తీయే అతన్ని మళ్లీ ఆడించాడు. 1988లో మెల్‌బోర్న్ గ్రాండ్ ఫైనల్‌కి వెళ్లి, అదే హాథార్న్ చేతిలో 96 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. స్టైన్స్ ఆ జట్టులోనూ ఉన్నాడు.

అసలు సంగతి ఇదీ. 1987 సీజన్‌లో జట్టులో చోటు ఖాయమైన దగ్గర్నుంచి 1998 దాకా స్టైన్స్ ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. వరుసగా 244. పాత రికార్డు రిచ్‌మండ్ ఆటగాడు జాక్ టైటస్‌ది, 202. ఒళ్లు హూనమయ్యే ఆటలో పదకొండేళ్లు! వేవర్లీలో ఓడిన ఆ మ్యాచ్ కూడా ఈ 244లో ఒకటి.

1991లో బ్రౌన్‌లో మెడల్ వచ్చింది, లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికి ఇచ్చేది. ఐర్లండ్‌లో పెరిగి వచ్చినవాడికి అది దక్కడం అదే మొదటిసారి. ఆ మెడల్‌కి ఓట్లు వేసేది జర్నలిస్టులు కాదు, అభిమానులు కాదు. ప్రతి మ్యాచ్ అయ్యాక అంపైర్లే వేస్తారు.

ఆ తర్వాత కుర్రకారు కోసం రీచ్ అనే సంస్థ పెట్టడం, అప్పుల్లో ఉన్న ఇదే క్లబ్‌కి ప్రెసిడెంట్ కావడం, 2012లో 45 ఏళ్లకే క్యాన్సర్‌తో పోవడం, ఇవన్నీ వేరే వీడియోలో వివరంగా చెప్తాను. మీలో మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా స్టైన్స్ ఆట చూసినవాళ్లతో పనిచేస్తుంటే, వాళ్లు ఏమంటారో కింద కామెంట్‌లో రాయండి. అన్నీ చదువుతాను.