గడియారం చూపని రెండు అడుగులు
(ఫ్రిస్కోలో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అందరికీ ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం దానికే సరిపోతుంది, మన్నించాలి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ సాధన చేసే ఊళ్ళో ఉన్నాం. కాలేజీ ఆటగాళ్ళను వృత్తి జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కు కొద్ది వారాలే ఉంది. ఒక కాలేజీ లైన్‌బ్యాకర్ ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ఆ వృత్తి లీగ్‌కు పనికొస్తాడో లేదో ఎలా తేల్చాలన్నది ఈ పూట అంశం. వీడియో, కొలతలు, ఇంటర్వ్యూ అని మూడు భాగాలుగా చెబుదామని వచ్చాను.

ఆట కొత్తవారికి ఒక్క మాట. బంతి ఉన్న జట్టును ఆపే డిఫెన్స్‌లో ముందు వరస బరువైన లైన్‌మెన్, చివరి వరస వేగంగా పరుగెత్తే డిఫెన్సివ్ బ్యాక్‌లు. మధ్యలో, బంతికి నాలుగైదు గజాల వెనక నిలబడేవాడు లైన్‌బ్యాకర్. వచ్చేది బంతి పట్టుకుని తీసే పరుగా, ముందుకు విసిరే పాసా అని అందరికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇతనే.

ఇక్కడే నా మనసులో మాట చెప్పేస్తాను. డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ళను కొలవడానికి ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్‌లో 40 గజాల పరుగు పెడతారు. ఎవరు 4.4 సెకన్లలో పరుగెత్తారు, ఎవరు 4.7లో పరుగెత్తారు అని దేశమంతా వారం రోజులు అదే మాట. కానీ ఆ పరుగుకు తుపాకీ మోగదు, ఈల ఉండదు. ఆటగాడు తనకు వీలైనప్పుడు బయల్దేరతాడు, అతను కదిలాకే గడియారం కదులుతుంది. లైన్‌బ్యాకర్ పనిలో సగం కదలకముందే అయిపోతుంది. అసలు పరీక్ష ముగిశాక మొదలయ్యే గడియారాన్ని పట్టుకుని మనిషికి ధర కడుతున్నాం.

లెక్క చూడండి. 4.5కూ 4.7కూ తేడా 40 గజాలకు 0.2 సెకను. లైన్‌బ్యాకర్ ఎక్కువగా పరుగెత్తేది పది గజాల లోపే. అక్కడ ఆ తేడా ఇంకా చిన్నది. అదే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే స్నాప్ తర్వాత అర సెకను తటపటాయిస్తే, ఈలోగా బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ రెండు మూడు గజాలు దాటిపోతాడు. ఎంత వేగమున్నా ఆ గజాలు తిరిగి రావు.

2020 డ్రాఫ్ట్ గుర్తు చేసుకోండి. క్లెమ్సన్ ఆటగాడు ఐజయా సిమన్స్ 4.39లో పరుగెత్తాడు. అరిజోనా 8వ ఎంపికగా తీసుకుంది. కాలేజీలో అతన్ని చివరి వరసలో సేఫ్టీగా, పక్కన స్లాట్‌లో, లైన్‌బ్యాకర్‌గా అన్నిచోట్లా తిప్పారు. ఒక్క స్థానంలో కుదురుగా నిలిచి, ఎదుటి జట్టు ముందు వరసలోని గార్డ్‌ల కదలికను చదివిన అనుభవం తక్కువ. 2023లో ఏడో రౌండ్ ఎంపికకు బదులుగా అతన్ని జెయింట్స్‌కు ఇచ్చేశారు. అదే డ్రాఫ్ట్‌లో 74వ ఎంపిక జాక్ బాన్. విస్కాన్సిన్‌లో వరస అంచు నుంచి, పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాడు. న్యూ ఆర్లీన్స్‌లో నాలుగేళ్ళు పెద్దగా ఎవరి కంటా పడలేదు. 2024లో ఫిలడెల్ఫియా అతన్ని లోపలి లైన్‌బ్యాకర్‌గా నిలబెట్టింది. ఆ ఏడాదే లీగ్‌లోని ఉత్తమ ఆటగాళ్ళ జాబితా అయిన ఆల్-ప్రో మొదటి జట్టుకు ఎంపికయ్యాడు, లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఎదుటివాళ్ళ పాస్ కూడా పట్టేశాడు. అందుకే కాగితం మీద మొదట రాసుకోవాల్సింది ఒకటే ప్రశ్న: మనం నిలబెట్టబోయే చోట ఇతను కాలేజీలో ఎన్ని స్నాప్‌లు ఆడాడు?

వెనక వరసల్లో కూర్చున్న డేటా ఉద్యోగాల పిల్లలూ, మీ మోడల్‌లో ఆ గడి ఉందా? లేకపోతే ఈ రాత్రే పెట్టండి.

ఇక వీడియో. టీవీ ప్రసారం చాలదు. కెమెరా బంతి వెంట పోతుంది, లైన్‌బ్యాకర్ సగంసేపు తెర మీదే ఉండడు. ఇరవై ఇద్దరూ కనిపించే కోచ్‌ల వీడియో కావాలి, గోల్‌పోస్టుల వెనక నుంచి తీసిన కోణం ఉంటే మరీ మంచిది. ఒక్కో ఆటను, అంటే ఒక స్నాప్ నుంచి బంతి ఆగేదాకా, మూడుసార్లు చూడాలి. మొదటిసారి గార్డ్‌లనే చూడండి. గార్డ్ హెల్మెట్ కిందికి వంగి ముందుకొచ్చిందా, దాదాపుగా పరుగే. తల పైకి లేచి వెనక్కి జరిగాడా, పాస్. వరస వదిలి పక్కకు పరుగుతీశాడా, బంతి చాలాసార్లు అటే వస్తుంది. బ్యాట్స్‌మన్ బౌలర్ మణికట్టు చూసి బంతి ఎటు తిరుగుతుందో కనిపెట్టినట్టే ఇదీ. రెండోసారి లైన్‌బ్యాకర్ పాదాలు మాత్రమే చూడండి. గార్డ్ కదిలిన వైపే మొదటి అడుగు పడిందా? వెనక్కి ఒక దండగ అడుగు వేసి మళ్ళీ ముందుకొచ్చాడా? మూడోసారి మాత్రమే బంతిని చూడండి.

ఇందులో ఒక మెలిక ఉంది. కాలేజీ నిబంధనల ప్రకారం పాస్ ఆటలో బంతి ఉన్న జట్టు లైన్‌మన్ 3 గజాల దాకా ముందుకు పోవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 గజమే. అందువల్ల కాలేజీలో గార్డ్ పరుగుకే బ్లాక్ చేస్తున్నా, క్వార్టర్‌బ్యాక్ ఇదే లైన్‌బ్యాకర్‌ను చూసి, అతను ముందుకు వస్తే అతను వదిలిన ఖాళీలోకి, అతని వెనకకు పాస్ వేసేస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అలాంటి ఆటల్లో కుర్రాడు ఆగిపోతే వెంటనే సున్నా వేయకండి. వాటిని వేరుగా పెట్టండి. మామూలు పరుగు ఆటలో కూడా ఆగిపోతున్నాడంటే అప్పుడు ఆలోచించాలి. ప్రతి ఆటకూ బంతిని ఉంచే చోటుకు హద్దులైన హ్యాష్ గీతలూ అంతే: కాలేజీలో వాటి మధ్య 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీలో ఒక పక్క మైదానం బాగా విశాలం, ఏ పక్క కాపలా కాయాలో సగం ముందే తెలుస్తుంది. పైస్థాయిలో బంతి దాదాపు నడిమధ్యే ఉంటుంది, ఆట ఎటైనా పోవచ్చు.

ట్యాకిళ్ళ సంఖ్య, అంటే బంతి పట్టినవాణ్ణి ఎన్నిసార్లు పడగొట్టాడన్న లెక్క, చూసి మోసపోకండి, ఇది మళ్ళీ మళ్ళీ చెబుతాను. మ్యాచ్‌కు పన్నెండు ట్యాకిళ్ళు అంటారు. ఎక్కడ చేశాడు? బంతి బయల్దేరిన గీతకు రెండు గజాల్లోనా, ఏడు గజాలు పోయాకా? ఏడు గజాల దగ్గర ట్యాకిల్ చేశాడంటే తొలి అడుగు ఆలస్యమై ఉండవచ్చు. 300 పౌండ్లు దాటిన గార్డ్ మీదికొస్తే 230 పౌండ్లవాడు ఏం చేస్తున్నాడు? రెండు చేతులూ అవతలివాడి ఛాతీ మీద పెట్టి, బయటి భుజాన్ని ఖాళీగా ఉంచుకుని, తోసి బయటపడాలి. చుట్టూ తిరిగి తప్పించుకుంటే అతను వదిలేసిన సందులోంచే బంతి పోతుంది. ట్యాకిల్‌కు పాదాలు దగ్గరకొచ్చాయా, దూరం నుంచే చేతులు చాచాడా? చాచిన చేతుల్ని ఎన్‌ఎఫ్‌ఎల్ రన్నింగ్ బ్యాక్ విదిలించుకుపోతాడు.

సమయం అయిపోతోందని సైగ చేస్తున్నారు. కొలతల సంగతి తొందరగా చెబుతాను. 40 గజాల సమయం కంటే అందులోని మొదటి పది గజాల సమయం, మలుపుల్లో చురుకును కొలిచే మూడు కోన్‌ల పరుగు, 20 గజాల షటిల్ చూడండి. ఎత్తు గురించి మాత్రం పట్టు పట్టకండి. జాక్ థామస్ ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. 1996లో అయిదో రౌండ్‌లో 154వ ఎంపిక, 2023లో హాల్ ఆఫ్ ఫేమ్. బాబీ వాగ్నర్ 2012లో న్యుమోనియాతో కంబైన్‌కే రాలేదు. సియాటిల్ 47వ ఎంపికగా తీసుకుంది.

ఇంటర్వ్యూలో బోర్డు మీద తన జట్టు డిఫెన్స్ గీయించండి. ప్రతివాడి పనీ చెప్పించండి. తర్వాత మీ పద్ధతి ఒకటి నేర్పి, బోర్డు తుడిచేసి, వేరే విషయం మాట్లాడి, పది నిమిషాలయ్యాక మళ్ళీ గీయమనండి. ఎందుకంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డిఫెన్స్ నుంచి ఒక్కరి హెల్మెట్‌లోనే రేడియో ఉంటుంది, చాలా జట్లలో అది లైన్‌బ్యాకర్‌దే. స్నాప్‌కు ఇచ్చిన సమయాన్ని లెక్కపెట్టే ఆట గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ రేడియో ఆగిపోతుంది. ఆ తర్వాత పదిమందికీ చెప్పాల్సింది ఇతనే.

మిగతాది తెర మీద చూద్దాం. దీపాలు కాస్త తగ్గించండి బాబూ. మొదటి ఆట వస్తోంది. దయచేసి ఎవరూ బంతిని చూడకండి. కుడి గార్డ్ హెల్మెట్ చూడండి, అది కదలగానే పరుగో పాసో గట్టిగా చెప్పండి.